లెమన్ సోడాతో ఇంట్లో మార్గరీటా: నాది పానకం ఎందుకైంది?

ఉప్పుగాలి (ఎంవీపీ కాలనీ, వైజాగ్)

అందరికీ నమస్కారం. మా తోడల్లుడు డాలస్ నుంచి వస్తూ ఓ టెకీలా (మెక్సికో మందు) సీసా తెచ్చాడు. అక్కడ శుక్రవారం సాయంత్రమైతే వీళ్ళ బ్యాచ్ అంతా దాంతో కలిపే మార్గరీటా అనే కాక్‌టెయిల్ మీదే ఉంటారట, ఆ కబుర్లు విని విని నాకూ ఇంట్లో చేసి చూపించాలన్న సరదా పుట్టింది. వచ్చే ఆదివారం ఆయన తిరుగు ప్రయాణానికి ముందు మా మేడ మీద చిన్న సిట్టింగ్. ఆరుగురం, అందులో ఇద్దరు తాగరు.

సరే, ముందుగా ఒకసారి ట్రయల్ వేద్దామని మొన్న రాత్రి కూర్చున్నా. నెట్‌లో చూస్తే టెకీలా, ఆరెంజ్ లిక్కర్ (నారింజ వాసనుండే తియ్యటి మందు), నిమ్మరసం అన్నారు. ఆరెంజ్ లిక్కర్ అనేది మా వీధి చివర వైన్ షాపులో అడిగితే ఆ కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి "బ్రీజర్ ఇవ్వమంటారా" అన్నాడు. దాంతో లెమన్ సోడా ఉంది కదా, పులుపూ అందులోనే తీపీ అందులోనే అనుకుని మొదలెట్టా. టెకీలా 60 మి.లీ., అర చెక్క నిమ్మకాయ, రెండు చెంచాల చక్కెర పాకం (రెసిపీలో తీపి ఉండాలన్నారని), పైన గ్లాసు నిండా లెమన్ సోడా. గ్లాసు అంచుకి మామూలు పొడి ఉప్పు.

నాలుగు గుక్కలకే మొహం మొత్తింది. శ్రీరామనవమి ఇంకా రాకముందే పానకం తాగినట్టుంది, దానికి తోడు పెదవికి ఉప్పు తగిలినప్పుడల్లా విరేచనాలప్పుడు ఇచ్చే ఓఆర్ఎస్ గుర్తొచ్చింది.

రెండో ప్రయత్నం ఇంకా ఘోరం. షేకర్‌లో గిలక్కొట్టాలని రాశారు కదా, నా దగ్గర జిమ్‌కి తీసుకెళ్ళే ప్రోటీన్ షేకర్ ఉంది, అన్నీ అందులోనే పోసేశా, సోడాతో సహా. నాలుగుసార్లు ఊపానో లేదో మూత టప్‌మని ఎగిరి ఫ్రిజ్ వెనక్కి పోయింది. గోడ, కర్టెన్, సీలింగ్ ఫ్యాన్ రెక్కలు, నా చొక్కా, ఒకటని కాదు. రాత్రి పన్నెండింటికి తడిగుడ్డతో తుడిచి పడుకుంటే పొద్దున్నే గోడ మీద ఎర్ర చీమల బారు, కిటికీ నుంచి ఫ్యాన్ హుక్ దాకా! మా ఆవిడ ఏమీ అనలేదు. టీ కప్పు నా ముందు పెట్టి, చీమల మందు పేకెట్ దాని పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

అసలు నేను చేసిన తప్పేంటి? లెమన్ సోడాతో ఇది అవుతుందా, లేకపోతే పరువు కాపాడుకుని నిమ్మకాయ నీళ్ళతో సరిపెట్టాలా?

కంచరపాలెం కాకి

గురూ, ఫ్యాన్ మీద పడింది కదా, స్విచ్ వేసుంటే ఇంటిల్లిపాదికీ సమానంగా వడ్డన అయిపోయేది.

రెండో షిఫ్ట్

నవ్వింది చాలు, ఆయన నిజంగానే అడుగుతున్నాడు. నేను ఈ ఊళ్ళోనే ఓ హోటల్ బార్ కౌంటర్ వెనక తొమ్మిదేళ్ళు నిలబడ్డా, ఇప్పుడు వేరే పనిలో ఉన్నా. కాబట్టి తెలిసింది చెప్తా, కాస్త పొడుగవుతుంది.

ముందు లెక్క చూడు. మామూలు మార్గరీటాకి అందరూ ఒప్పుకునే కొలత టెకీలా 50 మి.లీ., ఆరెంజ్ లిక్కర్ 20 మి.లీ., నిమ్మరసం 15 మి.లీ. అందులో సోడా అన్నదే లేదు. తీపి మొత్తం ఆ 20 మి.లీ. లిక్కర్‌లోంచే వస్తుంది. నువ్వు ఆ 20 మి.లీ. బదులు రెండు చెంచాల పాకం పోశావు, అక్కడికి సరిపోయింది, మళ్ళీ దాని మీద గ్లాసు నిండా తీపి సోడా పోశావు. లెమన్ సోడాని నువ్వు సోడా అనుకున్నావు, అది పాకం తమ్ముడూ, గ్యాస్ నింపిన పాకం. చల్లగా ఉండి బుడగలొస్తుంటే నాలుక మీద ఆ తీపి సగమే తెలుస్తుంది, అందుకే అలా తాగేస్తాం. అదే సీసా మూత తీసి వదిలేసి రెండో రోజు ఓ గుక్క తాగి చూడు, అందులో ఎంత చక్కెర ఉందో అప్పుడర్థమవుతుంది.

అందుకని లెమన్ సోడా పోస్తున్నామంటే పాకం పూర్తిగా మానెయ్యాలి, నిమ్మరసం మాత్రం పెంచాలి. సోడాలో పులుపు కూడా ఉంటుంది కదా అంటావేమో, ఆ తీపిని లాగేంత ఉండదు. నా కొలత ఇదీ: గ్లాసుకి టెకీలా 45, అప్పటికప్పుడు పిండిన నిమ్మరసం 25, వేళ్ళతో తీసినంత చిటికెడు ఉప్పు. ఈ మూడూ ఐసుతో పది పన్నెండు సెకన్లు గట్టిగా గిలక్కొట్టు. వేరే గ్లాసులో కొత్త ఐసు వేసి వడకట్టు. చివర్న, షేకర్ బయట, గ్లాసులోనే, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన లెమన్ సోడా 60 లేదా 75 మి.లీ. నెమ్మదిగా వంపి ఒకే ఒక్కసారి చెంచా అడుగు నుంచి పైకి లేపు. అంతే. మూసిన డబ్బాలో సోడా పోసి ఊపితే గ్యాస్ అంతా ఒక్కసారి బయటికి తోసుకొస్తుంది, మీ ఫ్రిజ్ వెనక ఉన్న మూతే సాక్ష్యం. సోడా ఎంత చల్లగా ఉంటే గ్యాస్ అంత నిలుస్తుంది, వెచ్చటి సోడా ఐసు మీద పోస్తే నురగ పొంగి చప్పబడిపోతుంది.

నిమ్మకాయ సంగతి. ఇందులో మనకో అదృష్టం ఉంది, చాలామందికి తెలీదు. విదేశీ వీడియోల్లో పెద్ద పచ్చ నిమ్మకాయ, గింజల్లేనిది, చూపిస్తారు, అది దొరకదని మనవాళ్ళు బెంగ పెట్టుకుంటారు. అక్కర్లేదు. మెక్సికో ఇళ్ళల్లో వాడే పల్చటి తొక్క చిన్న కాయ, మన గూడూరు నిమ్మకాయ ఒకే జాతి. పులుపు, వాసన రెండూ ఎక్కువ. రైతుబజారులో తొక్క పల్చగా, నున్నగా, కాస్త పసుపు తిరిగినవి ఏరుకో, ఓ మోస్తరు కాయకి 15 మి.లీ. దాకా రసం వస్తుంది. ఆరుగురికి తలా రెండేసి గ్లాసులు లెక్కేస్తే ఇరవై, ఇరవై రెండు కాయలు పట్టుకెళ్ళు. మధ్యాహ్నమే పిండి పెట్టకు, సాయంత్రానికి చేదెక్కుతుంది. చివరి చుక్క దాకా తొక్కని నలిపెయ్యకు, చేదు అక్కణ్ణుంచే వస్తుంది.

ఇక ఉప్పు. మన ఊళ్ళో గాలి సంగతి తెలిసిందే, చల్లటి గ్లాసు బయటికి తీస్తే నిమిషంలో చెమట పట్టి నువ్వు అంచుకి అద్దిన పొడి ఉప్పు కరిగి చేతుల మీదికి కారుతుంది. అందుకని కళ్ళుప్పు తీసుకో. పొడి మూకుట్లో సన్న సెగ మీద రెండు నిమిషాలు వేయించు, చిటపటమంటుంది, తడి పోతుంది. చల్లారాక రోట్లో రెండు దెబ్బలు, అంతే, బొంబాయి రవ్వ కంటే కాస్త బరకగా ఉండాలి. గ్లాసుని ఫ్రీజర్‌లో పెట్టకు, గది వేడికే ఉంచు. అంచుకి బయటి వైపు మాత్రం నిమ్మచెక్క రాసి ఆ ఉప్పులో సగం అంచే దొర్లించు. ఉప్పు వద్దనుకున్నవాడు రెండో వైపు నుంచి తాగుతాడు. ఉప్పు అద్దడం షోకి అనుకుంటారు గానీ అది చేదుని అణచి నిమ్మ వాసనని ముందుకి తెస్తుంది, ఉప్పు లేకుండా జామకాయ తిన్నప్పటికీ ఉప్పు కారం అద్ది తిన్నప్పటికీ తేడా ఉంటుందిగా, ఇదీ అదే.

ఉప్పుగాలి

అన్నా, చాలా థాంక్స్. పాకం సంగతి చదివి సిగ్గేసింది. రెండు మూడు డౌట్లు మిగిలాయి. ఆరెంజ్ లిక్కర్ లేకుండా చేస్తే దాన్ని మార్గరీటా అనొచ్చా? సీసా మీద గోల్డ్ అని ఉంది, పనికొస్తుందా? లిమ్కా వాడాలా, స్ప్రైటా, సెవెనప్పా? డాలస్‌లో మార్గరీటాలో ఐసు క్రీములా మెత్తగా వస్తుందని మా తోడల్లుడు అంటున్నాడు, మిక్సీలో తిప్పమంటారా?

రెండో షిఫ్ట్

లిక్కర్ లేకపోయినా అనొచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోలో టామీస్ అనే మెక్సికన్ హోటలుంది, వాళ్ళు ఆరెంజ్ లిక్కర్ తీసేసి టెకీలా, నిమ్మరసం, అగేవ్ (టెకీలా తీసే మొక్క) పాకంతోనే కలుపుతారు, టామీస్ మార్గరీటా అని ఆ పేరుతోనే ప్రపంచమంతా చేస్తున్నారు. అయితే నారింజ వాసన ఉంటే ఆ మజా వేరు, దాని సంగతి వంట తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్తారేమో చూద్దాం.

గోల్డ్ అంటే చాలావరకు రంగు కలిపిందే. లేబుల్ మీద 100 శాతం అగేవ్ అని ఉందేమో చూడు. లేదంటే అందులో 51 శాతమన్నా అగేవ్ చక్కెర ఉండి మిగతాది చెరుకులాంటి వాటిదై ఉంటుంది. సోడాలో కలిపేటప్పుడు దానితో పెద్ద ఇబ్బంది లేదు. ఒకవేళ రెపొసాడో అనో అన్యెహో అనో రాసుంటే మాత్రం ఆపు. మొదటిది కనీసం రెండు నెలలు, రెండోది ఏడాది ఓక్ పీపాల్లో ఉంచినవి. వాటిని లెమన్ సోడాలో ముంచడం పాపం, ఊరికే తాగండి.

సోడా ఏదైనా పర్లేదు. నా చేతికి లిమ్కా అలవాటు, అందులో నిమ్మ తొక్క వాసన కాస్త ఎక్కువ అనిపిస్తుంది, గ్లాసులో కూడా మసగ్గా నిజం నిమ్మరసంలా కనిపిస్తుంది. తెల్లగా మెరవాలంటే మిగతా రెండూ. డైట్ సోడా మాత్రం వద్దు, ఉప్పు తగిలాక నాలుక మీద ఒక రకం వెగటు మిగులుతుంది.

డాలస్ పేరెత్తావు కాబట్టి ఒకటి చెప్తా, మీ తోడల్లుడిని అడుగు తెలుసేమో. ఆ ఐసు మార్గరీటా మెషిన్ పుట్టింది వాళ్ళ ఊళ్ళోనే. 1971లో మరియానో మార్టినెజ్ అనే హోటలాయన, ఐసుక్రీమ్ తీసే మెషిన్ని మార్చి అందులో మార్గరీటా తిప్పాడు. ఇప్పుడా మెషిన్ వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వాళ్ళ మ్యూజియంలో ఉంది. ఇంట్లో మిక్సీ అయితే ఐసు, టెకీలా, నిమ్మరసం తిప్పుకోవచ్చు, బ్లేడు మొద్దుబారితే నా పూచీ లేదు. సోడా మాత్రం మిక్సీ జారులో పొయ్యకు తమ్ముడూ, ప్రోటీన్ షేకర్ మూత అయితే ఫ్రిజ్ వెనక్కి పోయింది, ఇది ఎటు పోతుందో చెప్పలేం.

వాల్తేరు పిన్ని

బాబూ, నేను తాగను, మా ఇంట్లో ఆయన తాగుతారు. అందుకని ఈ నారింజ వాసన సంగతి నాకు తెలుసు, ఆయన కోసం ఏటా చేసి పెడతాను కాబట్టి.

ఆ లిక్కర్లో ఉండేది పండు రసం కాదు, తొక్కలో నూనె. తీపి నారింజ తొక్కలు, చేదు నారింజ తొక్కలు వేసి తీస్తారు. కాబట్టి నువ్వు కమలా రసం పిండి పోస్తే పిల్లల జ్యూసు అవుతుంది, వాసన రాదు. తొక్క వాడాలి. మూడు కమలాపండ్లు బాగా కడుగు, పైన మైనం ఉంటే గోరువెచ్చటి నీళ్ళతో రుద్ది తుడిచెయ్యి. కూరగాయల చెక్కు తీసే పీలర్‌తో పై రంగు తొక్క మాత్రం తియ్యి. లోపలి తెల్ల పీచు రాకూడదు, వస్తే చేదు. కమలా తొక్క వదులుగా ఉంటుంది కాబట్టి పండు ఒలిచెయ్యక ముందే గీసుకోవాలి, ఒలిచాక పీలర్ ఆడదు. ఆ తొక్కల్ని వంద గ్రాముల చక్కెరతో రోట్లో వేసి పొత్రంతో నలుపు. దంచొద్దు, నలుపు. ఐదు నిమిషాలకి చక్కెర తడిసిన ఇసకలాగా పసుపు రంగుకి తిరుగుతుంది, ఇంటి నిండా వాసనొస్తుంది. గిన్నెలోకి తీసి మూత పెట్టి రాత్రంతా వదిలెయ్యి. పొద్దున్నకి అడుగున జిగటగా నూనె కలిసిన పాకం ఊరి ఉంటుంది. మూడు చెంచాల వేడి నీళ్ళు పోసి కరిగించి వడకట్టుకో. సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటుంది.

ఆ పైన రాసిన బాబు పాకం పూర్తిగా మానెయ్యమన్నాడు, నిజమే, ఇదీ తీపే కాబట్టి గ్లాసుకి ఒక చిన్న చెంచాకి మించకుండా వేసి, లెమన్ సోడా ఆ మేరకి తగ్గించు. బత్తాయి తొక్కతో చేసి చూశాను, సువాసన నీరసంగా ఉంది. చేదు నారింజ, ఊరగాయ పెట్టేది, దొరికితే ఒక్క కాయ తొక్క కలుపు, అప్పుడు అచ్చం కొన్నదానిలా ఉంటుంది. దబ్బకాయ కూడా బాగుంటుంది గానీ అది ఇంకో రుచి.

మీలో తాగని ఇద్దరున్నారన్నావు. వాళ్ళకి ఊరికే కూల్ డ్రింక్ పోసి కూర్చోబెట్టకు, చిన్నబుచ్చుకుంటారు. ఇప్పుడు లేత మామిడికాయలు వస్తున్నాయిగా. ఒక కాయ చెక్కు తీసి ఉడకబెట్టి గుజ్జు తీసి, రెండు చెంచాల గుజ్జు, అర చెక్క నిమ్మ, ఈ తొక్కల పాకం ఒక చెంచా, ఐసు, పైన లెమన్ సోడా. గ్లాసు అంచుకి ఉప్పుతో పాటు కాస్త కారం కలిపి అద్దు, బీచ్‌లో మామిడికాయ ముక్కల మీద చల్లుతారే, అలాగ. మందు గ్లాసులవాళ్ళు కూడా ఇదే అడుగుతారు చూడు. అన్నట్టు ఇత్తడి గిన్నెల్లో, రాగి చెంబుల్లో నిమ్మరసం కలపొద్దు, పులుపుకి లోహం దిగుతుంది. స్టీలు, గాజు వాడు.

గోలీసోడా అభిమాని

పిన్ని గారికి దండం. కానీ రెండో షిఫ్ట్ అన్నతో నేను ఒప్పుకోను. అసలు తీపి లెమన్ సోడా ఎందుకు? పాకం వద్దంటూనే గ్యాస్ పాకం పొయ్యమంటారేంటి. మన దగ్గర నిమ్మసోడా బండి ముందు నిలబడితే మొట్టమొదట అడిగే ప్రశ్న ఏంటి? "సాల్టా, స్వీటా, మిక్సా?" ఆ మిక్స్‌లోకి టెకీలా పోస్తే చాలు. ఉట్టి సోడా, నిమ్మకాయ, ఉప్పు, చక్కెర, నాలుగూ మన చేతిలో ఉంటాయి, ఏది ఎక్కువైతే అది తగ్గించుకోవచ్చు. కంపెనీ సీసాలో తీపి వాడు ముందే నిర్ణయించేశాడు, దాన్ని వెనక్కి తియ్యలేం.

గోలీ సోడా దొరికితే ఇంకా మంచిది. ఆ గోలీ సీసాని 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లిష్ వాడు పేటెంట్ చేయించాడు, లోపలి గ్యాసే గోలీని మూతిలోని రబ్బరుకి నొక్కి పట్టి ఉంచుతుంది. వేలితో కొడితే కీచుమని వచ్చే ఆ చప్పుడు లేని సోడా నాకు సోడాయే కాదు. మీ మేడ మీద ఆరుగురి ముందు గోలీ కొట్టి పోస్తే డాలస్ ఆయన అక్కడే ఫ్లాట్ అయిపోతాడు.

రెండో షిఫ్ట్

నువ్వు చెప్పేది బాగానే ఉంటుంది, కాదనను, నేనింట్లో తాగితే అలాగే తాగుతా. కానీ ఆరుగురికి కలిపేటప్పుడు నాలుగు వస్తువులు ఒక్కో గ్లాసుకి సరిచూసే ఓపిక మూడో రౌండ్‌కి ఉండదు. లెమన్ సోడాకి ఉన్న సుఖం అదే, ప్రతి సీసా ఒకే రుచి. పైగా టెకీలాలో తీపి సిట్రస్ సోడా పోయడం ఎవడో కక్కుర్తికి కనిపెట్టింది కాదు. మెక్సికోలో పలోమా అని ఉంది, గ్రేప్‌ఫ్రూట్ సోడా, టెకీలా, నిమ్మ, ఉప్పు. అక్కడ జనం బాగా ఇష్టపడి తాగేది అదే. మనకి గ్రేప్‌ఫ్రూట్ సోడా దొరకడం కష్టం గానీ గ్రేప్‌ఫ్రూట్ అన్నది పంపరపనసకీ బత్తాయి లాంటి తీపి నారింజకీ పుట్టిన బిడ్డే. చవితి రోజుల్లో పంపరపనసకాయలు మార్కెట్‌కి వస్తాయి కదా, అప్పుడు తొనల రసం 60 మి.లీ., నిమ్మరసం 10, పైన ఉట్టి సోడా పోసి చూడండి. ఆ చిరుచేదు టెకీలాకి పుట్టుకతో కుదిరింది.

కడప నుంచి వైజాగ్

టెకీలా సీసా ఫారిన్ నుంచే రావాలనుకునేవాళ్ళకి ఒక మాట. టెకీలా అన్న పేరు మెక్సికోలో కొన్ని ప్రాంతాల్లో నీలి అగేవ్‌తో తీసినదానికే చెల్లుతుంది. కానీ అగేవ్ అంటే ఏంటో కాదు, మన రైలు కట్టల పక్కన, చేల గట్ల మీద ముళ్ళ మట్టలతో నిలబడి ఉండే కిత్తనార జాతే. దాంతోనే మన చిత్తూరు జిల్లాలో డెస్మండ్‌జీ అని అగేవ్ మందు తీస్తున్నారు, 2011లో గోవాలో మొదట అమ్మకానికొచ్చింది. మా ఊరి వైపు గొర్రెలు కూడా ముట్టని మొక్క అది, నార తీసి తాళ్ళు పేనేవాళ్ళు. గోవా వెళ్ళినప్పుడు నేను అక్కడే తాగి చూశా. కాస్త పొగ వాసన, కాస్త పచ్చి గడ్డి వాసన. లెమన్ సోడాలో బ్రహ్మాండంగా ఉంది. అయితే అక్కణ్ణుంచి సీసాలు సంచిలో పెట్టుకుని ఇక్కడికి రావడాలు పెట్టుకోకండి, ఎక్సైజు వాళ్ళతో తలనొప్పి.

ఎండకి భయపడేవాడు

ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా, ఎందుకంటే నా చేతి మీద ఆ గుర్తు ఇంకా ఉంది. రెండేళ్ళ క్రితం ఏప్రిల్‌లో ఫ్రెండ్స్ వస్తున్నారని మేడ మీద కూర్చుని పట్టపగలు ముప్ఫై నిమ్మకాయలు పిండా. చేతులు సరిగ్గా కడుక్కోకుండా అక్కడే ఎండలో తిరిగా. ఆ రోజేం లేదు. మర్నాడు సాయంత్రానికి కుడి చెయ్యి వెనక మంట, ఎర్రగా మచ్చలు, మూడో రోజుకి బొబ్బలు. నూనె చిందిందేమో అనుకున్నా, వంటింట్లోకే వెళ్ళలేదాయె. చర్మం డాక్టరు చూడగానే "నిమ్మకాయలు పిండారా?" అని అడిగింది. నిమ్మ తొక్కలోనూ రసంలోనూ ఉండే ఒక పదార్థం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే అక్కడ కాలినట్టు అవుతుందట. అమెరికాలో దీన్ని సరదాగా మార్గరీటా బర్న్ అంటారట కూడా. బొబ్బలు తగ్గినా నల్ల మచ్చ నెలల తరబడి పోలేదు. రసం కారిన ధార ఎలా వెళ్ళిందో అలాగే, మణికట్టు దాకా గీతలా.

కాబట్టి నీడలో పిండండి, పిండాక సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి. ఆదివారం సాయంత్రం కదా అని వదిలెయ్యకండి, నిమ్మకాయలు కోసేది మధ్యాహ్నమే అవుతుంది.

కంచరపాలెం కాకి

ఇంకోటి, తాగాక "పద బీచ్‌కి పోదాం" అనేవాడు ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు. బండి తాళాలు ముందే మీ ఆవిడ చేతికిచ్చెయ్యి గురూ. వంద మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే కేసే, లెమన్ సోడాలో కలిపి తాగాం సార్ అంటే ఊదే మెషిన్ ఊరుకోదు. తియ్యగా ఉందని మూడు గ్లాసులు దిగాక గానీ తెలీదు, గ్లాసుకి 45 అంటే పెగ్గున్నర.

ఉప్పుగాలి

అందరికీ అప్డేట్ ఇద్దామనుకున్నా, ఆలస్యమైంది, సారీ.

శనివారం పొద్దున్నే ఎంవీపీ రైతుబజారుకెళ్ళి నిమ్మకాయలు, కమలాలు, లేత మామిడికాయలు తెచ్చా. చేదు నారింజ దొరకలేదు. రోట్లో తొక్కలు నలపడం మా ఆవిడే చేసింది, నేను దంచుతుంటే చూసి "పిన్ని గారు నలపమన్నారు" అని పొత్రం లాక్కుంది. (తను మీ మెసేజ్‌లన్నీ చదివిందని అప్పుడు తెలిసింది. చీమల మందు సంగతి రాసినందుకు విడిగా క్లాస్ పడింది.) ఆదివారం పొద్దున్న మూత తీస్తే, పిన్ని గారూ, మీరు చెప్పిన వాసన నిజంగానే హాల్లోకి వచ్చింది. గిన్నె అడుగున పసుపు రంగు పాకం మూడు నాలుగు చెంచాలు ఊరింది.

కళ్ళుప్పు వేయించేటప్పుడు సెగ ఎక్కువైంది, రెండు పలుకులు ఎగిరి నా మొహాన తగిలాయి. అయినా అది చేసినందుకు మాత్రం ఫలితం కనిపించింది, రాత్రి పదింటిదాకా గ్లాసు అంచుకి ఉప్పు అలాగే ఉంది. నిమ్మకాయలు వంటింట్లో కూర్చుని పిండి, ఆపరేషన్‌కి వెళ్ళే డాక్టర్లా మోచేతుల దాకా కడుక్కున్నా.

కొలత రెండో షిఫ్ట్ అన్న చెప్పినట్టే పెట్టా, పిన్ని గారి పాకం గ్లాసుకి ఒక చిన్న చెంచా, సోడా 50కి తగ్గించా. మొదటి గ్లాసు మా తోడల్లుడికిచ్చా. ఓ గుక్క తాగి ఏమీ మాట్లాడలేదు. రెండో గుక్క. "ఉప్పెక్కడిది?" అన్నాడు. పూర్ణా మార్కెట్ కళ్ళుప్పు, కిలో ప్యాకెట్ అన్నా. "అక్కడ దీనికే నాలుగు డాలర్లు తీసుకుంటాడు బాటిల్‌కి" అన్నాడు, ఇంక దాని మీదే పావుగంట. మార్టినెజ్ మెషిన్ సంగతి అడిగితే ఆయనకి తెలీదు, తొమ్మిదేళ్ళుగా ఆ ఊళ్ళో ఉంటూ!

పొరపాటు ఒకటి జరిగింది. రెండు లీటర్ల లెమన్ సోడా పెద్ద సీసా తెచ్చా, చిన్నవి తేవాల్సింది. మూడో రౌండ్‌కి అందులో గ్యాస్ సగం పోయింది, ఆఖరి రెండు గ్లాసులు మళ్ళీ పానకం వైపుకి జారాయి. వాటిని ఉట్టి సోడా పోసి లాక్కొచ్చా, గోలీసోడా అభిమాని అన్నట్టు సగం సగం మిక్స్. నిజం చెప్పాలంటే నాకు అదే అన్నిటికంటే నచ్చింది, రెండో షిఫ్ట్ అన్న ఏమీ అనుకోవద్దు.

మామిడికాయ గ్లాసులు ఇద్దరికని నాలుగు చేస్తే తాగేవాళ్ళు లాగేసుకున్నారు. మా అత్తగారు రెండు తాగి, ఇందులో నిజంగా ఏమీ లేదు కదా అని మూడుసార్లు అడిగారు.

మిగిలిన కమలా పాకం పొద్దున్న మా ఆవిడ టీలో వేసింది. బాగాలేదు.